"బ్యాకప్‌కి ఏ టేపైనా ఒకటే" అన్న మాట నిజం కాదు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కంప్యూటర్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కంప్యూటర్ డేటా బ్యాకప్ దాచే మాగ్నెటిక్ టేపుల గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "టేపు ఏదైనా ఒకటే, చవగ్గా దొరికింది కొనండి. కొత్త డ్రైవ్ పాత టేపులన్నీ చదువుతుంది. డబ్బా మీద రాసినంత డేటా పడుతుంది. అయినా మన ఉప్పుగాలికి టేపు నిలవదు, హార్డ్ డిస్కే మేలు." దీన్ని నమ్మి సెకండ్ హ్యాండ్ డ్రైవ్ (టేపు మీద రాసి, చదివే యంత్రం) కొంటే నష్టపోయేది మన స్టూడియోలు, ఆసుపత్రులు, రైస్ మిల్లులే.

"ఏదైనా ఒకటే." కాదు. డాట్, డీఎల్‌టీ, ఎల్‌టీఓ అన్నవి వేర్వేరు రకాల టేపులు. డాట్ టేపు సన్నం, మొదట్లో 4 మిల్లీమీటర్లు. డ్రైవ్‌లో గిర్రున తిరిగే హెడ్ (రాసే భాగం) దాని మీద ఏటవాలుగా రాస్తుంది. డీఎల్‌టీ, ఎల్‌టీఓలు అరంగుళం టేపులు, వీటిలో రాత పొడవునా సాగుతుంది. డాట్ 160 జీబీ దగ్గర ఆగిపోయింది. డీఎల్‌టీని 2007లోనే పక్కన పెట్టేశారు. 2000లో 100 జీబీతో మొదలైన ఎల్‌టీఓ, 2021 నాటి తొమ్మిదో తరంలో 18 టీబీకి చేరింది. ఆగిపోయిన ఫార్మాట్‌లో డేటా పెడితే, డ్రైవ్ చెడిపోయిన రోజున ఇంకో పాత డ్రైవ్ కోసం ఊళ్లు తిరగాలి.

"కొత్త డ్రైవ్ పాతవన్నీ చదువుతుంది." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ఎల్‌టీఓ-7 (అంటే ఏడో తరం) వరకు డ్రైవ్ రెండు తరాల వెనకటి టేపులు చదివేది, ఒక తరం వెనకటి దాని మీద రాసేది. ఎనిమిదో తరం నుంచి ఆ వెసులుబాటు తగ్గింది. 8వ డ్రైవ్ వెనక్కి 7 దాకానే చదువుతుంది, 9వది 8 దాకానే. 2025లో వచ్చిన 10వ తరం డ్రైవ్ పాతవి వేటినీ చదవదు. ఎల్‌టీఓ-5 మీద పెళ్లి వీడియోలు దాచిన స్టూడియో రేపు ఎల్‌టీఓ-8 డ్రైవ్ కొంటే అవి తెరుచుకోవు. చూడ్డానికి రెండు కార్ట్రిడ్జ్‌లూ (టేపు ఉండే పెట్టెలు) ఒకటే సైజు. రెండింట్లోనూ లోపల ఒక్కటే చక్రం, మూలన చిన్న తలుపు, దాని వెనక టేపు కొసకి లోహపు పిన్ను. అందుకే జనం మోసపోతున్నారు. లేబుల్ మీద తరం సంఖ్య చూడనిదే డబ్బు ఇవ్వకండి.

"డబ్బా మీద రాసినంత పడుతుంది." ఎల్‌టీఓ-9 డబ్బా మీద 45 టీబీ అని కనిపిస్తుంది. డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందన్న లెక్క అది. అకౌంట్స్ ఫైళ్లు కొంత కుదించుకుపోతాయి. వీడియోలు, జేపెగ్ ఫొటోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి వాటికి 18 టీబీయే లెక్కేసుకోవాలి.

"ఉప్పుగాలికి నిలవదు." తేమ మనకి నిజమైన సమస్యే, కొట్టిపారేయను. దీర్ఘకాలం దాచే ఎల్‌టీఓ టేపులకి 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలంటారు. డెల్టాలో వానాకాలం మామూలు గదిలో అది కుదరదు. అలాగని టేపు వద్దనుకోనక్కర్లేదు, ఏసీ గదిలోనో, తేమ లాగేసే బీరువాలోనో పెడితే సరిపోతుంది. చల్లటి గదిలోంచి తెచ్చిన టేపుని వెంటనే డ్రైవ్‌లో పెట్టకండి, చెమ్మ పడుతుంది. ఒక రోజు అలవాటు పడనివ్వండి. రెండో కాపీ జంగారెడ్డిగూడెం లాంటి మెట్ట ఊళ్లో ఉంచండి. 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో చూసినవాళ్లకి కారణం చెప్పనక్కర్లేదు.

"హార్డ్ డిస్కే మేలు." రెండు మూడు టీబీలే ఉన్నవాళ్లకి ఇది నిజం. టేపు డ్రైవ్ ఖరీదు వాళ్లకి గిట్టదు, రెండు డిస్కులు మార్చి మార్చి వాడుకోవచ్చు. కానీ సిస్టమ్‌కి తగిలించి ఉన్న డిస్కుకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లు బంధించి డబ్బు అడిగే వైరస్) తాళం వేసేస్తుంది, బీరువాలో ఉన్న టేపు జోలికి రాలేదు. 2011లో కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమైతే గూగుల్ వాటిని వెనక్కి తెచ్చింది టేపుల నుంచే.

కొనేవాళ్లు ఎల్‌టీఓ-5, ఆపై తరాలే చూడండి. ఎల్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ పద్ధతి వచ్చింది అక్కడి నుంచే, దాంతో టేపులోని ఫైళ్లు ఫోల్డర్లలా కనిపిస్తాయి. చాలా డ్రైవ్‌లకి యూఎస్‌బీ ఉండదు, డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కలిపే సాస్ కార్డు ఖర్చు కూడా కలుపుకోండి. అమ్మేవాళ్ల ముందే ఒక టేపు రాయించి, ఆ ఫైళ్లని వేరే సిస్టమ్‌లోకి వెనక్కి తీయించి చూసుకోండి.