ఒక్క గుండే కదా అంటే జింక బతకదు, కేసు పోదు

ఈ మధ్య మా వైపు లంక (గోదావరి మధ్యలో ఉండే ఇసుక దీవి) రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "లంకల్లో జింకలు పంటలు తినేస్తున్నాయి. పంట రక్షణకి లైసెన్సున్న ఒంటి గొట్టం తుపాకీతో జింకని కొడితే నేరం కాదు. ఒక్కసారే పేలే తుపాకీ కాబట్టి దాన్ని వేట అనరు. ఒక్క గుండుతో ప్రాణం పోతుంది కాబట్టి హింస కూడా లేదు. అమెరికాలో ఇలాగే కొడుతున్నారు. మన తాతలు కొట్టలేదా? సల్మాన్ ఖాన్‌కే ఏం కాలేదు. వరదలో చచ్చిన జింకయితే అసలు అడిగేవాడే లేడు." దీనికి తోడు ఒక వీడియో. మా బాబాయి గారు అది నాకు పంపి "నిజమేనంటావా అబ్బాయ్?" అని అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. జింకలు పంట తింటున్నాయన్నది అబద్ధం కాదు. ధవళేశ్వరం చుట్టుపక్కల గోదావరి లంకల్లో కృష్ణ జింకలు ఉన్నాయి. నాకూ ఏటి మధ్య ఎకరంన్నర ఉంది. మినుము మొలకెత్తి రెండాకులు వేసిందంటే తెల్లారేసరికి చాళ్ళకి చాళ్ళే నున్నగా కనిపించిన రోజులున్నాయి. విత్తనం మళ్ళీ కొన్నాను, కూలీ మళ్ళీ ఇచ్చాను. కాబట్టి ఇది పట్నంలో కూర్చుని జంతు ప్రేమ గురించి చెప్పే మాట కాదు.

మెసేజ్ రాసినాయన జింక, జింక అంటున్నాడు గానీ ఏ జింకో చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువూ జింకే. కానీ రెండూ ఒకటి కావు. వాళ్ళది చుక్కల జింక, మనం దుప్పి అంటాం. దాని కొమ్ములు కొమ్మలుగా చీలి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. మనది కృష్ణ జింక. పాతకాలం వాళ్ళు మగదాన్ని ఇర్రి అనేవారు. మెలి తిరిగిన ఆ కొమ్ములు జీవితాంతం రాలవు. శాస్త్రం ప్రకారం అది దుప్పి జాతే కాదు. లంకలో మన చేలో పడేది ఇదే. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది ఒకటో షెడ్యూల్లో, అంటే పులి ఉన్న వరసలో ఉంది.

ఇప్పుడు లైసెన్సు సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టంలో పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలున్న మాట నిజమే. మెసేజ్ రాసినాయన అక్కడి దాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నాడు. తుపాకీ ఇంట్లో పెట్టుకోవడానికి అనుమతి ఒకటి, దేని మీద పేల్చాలన్న అనుమతి వేరొకటి. ఆ రెండోది 1972 నాటి వన్యప్రాణి చట్టం చూసుకుంటుంది. అందులో 11వ సెక్షన్ ప్రకారం, రెండో షెడ్యూల్లోని జంతువు నిలబడి ఉన్న పంటకి ప్రమాదమైతే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, అధికారం ఉన్న అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతివ్వాలి. ఒకటో షెడ్యూల్ జంతువుకయితే పంట అన్న మాటే లేదు. మనిషి ప్రాణానికి ప్రమాదం కావాలి, లేదా అది ఇక కోలుకోలేనంత దెబ్బతినో, రోగంతోనో ఉండాలి. అప్పుడు కూడా పట్టుకుని వేరే చోటికి తరలించడం కుదరదని తేలాకే చంపమంటారు. ఆత్మరక్షణ కోసం చంపితే నేరం కాదని చట్టంలో ఉంది, నిజమే. మినుము చేలో మేస్తున్న లేడి నుంచి ఆత్మరక్షణ అని కోర్టులో ఏ ముఖం పెట్టుకుని చెబుతాం?

ఈ అపోహ ఎక్కడ పుట్టిందో ఊహించగలను. 2015 డిసెంబరులో కేంద్రం బీహార్లో కొన్ని జిల్లాలకి నీల్‌గాయ్‌లని (మనుబోతులని), అడవి పందులని కొంతకాలం పాటు చంపడానికి వీలుగా హానికర జంతువులుగా ప్రకటించింది. ఆ వార్త ఊరూరా తిరిగి తిరిగి, గోదావరి దాటేసరికి నీల్‌గాయ్ కాస్తా కృష్ణ జింక అయి ఉంటుంది. అలా ప్రకటించే అధికారం ఒకటో షెడ్యూల్ జంతువుల మీద కేంద్రానికీ లేదు.

"ఒక్కసారే పేలితే వేట అనరు" అన్నదానికి ఎక్కువ రాయక్కర్లేదు. వేట అంటే ఏమిటో చట్టం రెండో సెక్షన్లోనే చెప్పింది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. గుళ్ళ లెక్క ఎక్కడా లేదు. గురి తప్పినా కేసే. చేను చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్ళూ ఇదే లెక్కలోకి వస్తారు. పైగా ఆ తీగ జింకకీ, తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతుకీ తేడా తెలుసుకోదు.

అసలు నాకు కోపం తెప్పించింది ఆ తర్వాతి మాట. ఒక్క గుండు, ఒక్క దెబ్బ, బాధ లేదట.

మా తాతయ్యకి పన్నెండు బోరు ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. చట్టం రాకముందు లంకలకి వేటకి వెళ్ళేవాడు. చిన్నప్పుడు ఆ ఖాళీ తూటా గొట్టాలతో ఆడుకున్నాను. పన్నెండు బోరు అంటే ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం, దాదాపు 18.5 మిల్లీమీటర్లు. లోపల నున్నగా ఉంటుంది. గుండుని తిప్పి సూటిగా పంపే మెలి తిరిగిన గాడులు రైఫిల్లో ఉంటాయి గానీ ఇందులో ఉండవు. ఇంకో సంగతి, ఒక్క తూటా అంటే ఒక్క గుండు కాదు. పెద్ద జంతువులకి వాడే తూటాలో మామూలుగా పెద్ద గుళ్ళు చాలానే ఉంటాయి. గొట్టం దాటగానే అవి విచ్చుకుంటాయి. ముప్పై, నలభై గజాల లోపల ఫర్వాలేదు, అది దాటితే ఏ గుండు ఎక్కడ తగులుతుందో పేల్చినవాడికీ తెలియదు. కృష్ణ జింకేమో బయలు నేల జంతువు. చుట్టూ కనిపించే చోటే మేస్తుంది, మనిషిని అంత దగ్గరకి రానివ్వదు. ఒళ్ళంతా కలిపి ముప్పై, నలభై కేజీలు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పెద్ద పళ్ళెమంత కూడా ఉండదు. మిగతా ఎక్కడ తగిలినా, అంటే పొట్టలోనో కాలి మీదో తగిలితే, చావదు. పరిగెడుతుంది. ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువది. ఇటు తుపాకీ వంచి, ఖాళీ గొట్టం తీసి, రెండో తూటా పెట్టేసరికి రెల్లు దుబ్బుల్లో కలిసిపోతుంది. మందు కూరే తుపాకీ అయితే ఇంకా నయం! మందు పోసి, కుక్కి, గుళ్ళు వేసి, మళ్ళీ కుక్కి, క్యాప్ పెట్టేసరికి అది పక్క లంకలో ఉంటుంది.

తాతయ్య ఒక ఇర్రి గురించి చెప్పేవాడు. పొద్దు వాలుతుండగా కొట్టాడు. అది ముందుకాళ్ళ మీద కూలబడి, లేచి, రెల్లులోకి పోయింది. చీకటి పడింది. మర్నాడు వెతికారు, దొరకలేదు. మూడో రోజు గద్దలు తిరుగుతుంటే వెళ్ళి చూశారు. పొట్టలో రెండు గుళ్ళు. అది చావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, చుట్టూ గడ్డి అంతా నలిగి ఉందని చెప్పేవాడు. ఆ తర్వాత వేట మానేశాడా అంటే, లేదు, ఇంకో రెండేళ్ళు వెళ్ళాడు. ఉన్నమాట చెప్పాలి. కానీ ఒక్క దెబ్బకి అన్న మాట మాత్రం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఇంకోటి, లంక అంటే బల్లపరుపు ఇసుక. గుండుని ఆపే మట్టి గట్టు వెనకాల ఉండదు. నీటి మీదా, గట్టి ఇసుక మీదా గుండు చిల్లపెంకులా ఎగిరి పోతుంది. అవతల గేదెలు కాసేవాళ్ళుంటారు, వలలు వేసేవాళ్ళుంటారు, ఇసుక పడవల వాళ్ళుంటారు. లైసెన్సు తుపాకీ సంగతే ఇలా ఉంటే, పైపు ముక్కతో చేయించిన నాటు తుపాకీల గురించి చెప్పేదేముంది? అది వెనక్కి పేలిందంటే వేళ్ళు పోతాయి. లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, కనీసం రెండేళ్ళ జైలు.

ఇక అమెరికా వీడియో. బాబాయి గారు కంగారు పడింది దీనికే, ఎందుకంటే అందులో చచ్చింది అచ్చం మన కృష్ణ జింకే. కానీ నేల మనది కాదు, రాళ్ళూ పొదలూ. టెక్సాస్ అని కింద వాళ్ళే రాసుకున్నారు. టెక్సాస్‌కి మన కృష్ణ జింకల్ని 1932లో తీసుకెళ్ళారు. అక్కడ వాటిని పరాయి దేశపు జంతువులుగా ప్రైవేటు రాంచ్‌లలో, అంటే కంచె వేసిన పెద్ద పశువుల క్షేత్రాల్లో, పెంచుతారు, డబ్బులు కట్టించుకుని వేటకిస్తారు. మన పెరటి కోడి లాంటి లెక్క అనుకోండి. ఒక్కసారే పేలే తుపాకీ మాటకొస్తే, అక్కడే మిసిసిపీ, లూసియానా రాష్ట్రాల్లో పాతకాలపు ఆయుధాల వేటకని ప్రత్యేక సీజన్ ఉంది, ఆ సీజన్లో ఒక్కసారే పేలే రైఫిల్‌ని అనుమతిస్తారు. అది మాత్రం నిజం. అయితే అక్కడ కొట్టేది తెల్లతోక జింకని, అది ఆ దేశంలో కోట్లలో ఉంది. కొట్టేది మెలి గాడులున్న రైఫిల్‌తో, టార్గెట్ మీద ముందే గురి సరిచూసుకుని. లైసెన్సు, సీజను తేదీలు, ఒక్కొక్కరికి ఇన్నే అన్న లెక్క, దూరం నుంచి కనిపించే నారింజ రంగు చొక్కా, అన్నీ ఉంటాయి. మిసిసిపీలో 1972 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట పాఠాలు చదివి పాసవకుండా లైసెన్సు కొనలేరు. మనకి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది కూడా 1972లోనే. ఏడాది కలిసింది గానీ రూలు కలవలేదు.

తాతలు కొట్టలేదా అంటే, కొట్టారు. పైన చెప్పాను కదా. తాతలు లంక పొగాకు చుట్ట, నిప్పు నోట్లోకి పెట్టుకుని, అడ్డపొగ కూడా పెట్టారు.

సల్మాన్ ఖాన్‌కి ఏం కాలేదన్నది తప్పు. 1998లో కృష్ణ జింకల్ని వేటాడిన కేసులో 2018 ఏప్రిల్ 5న జోధ్‌పూర్ కోర్టు ఆయనకి అయిదేళ్ళ జైలు శిక్ష వేసింది. రెండు రాత్రులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చారు, అప్పీలుకి వెళ్ళారు. అప్పటికే కేసు మొదలై ఇరవయ్యేళ్ళు. ఆయనకయితే పెద్ద పెద్ద లాయర్లున్నారు. వాయిదాకి బస్సెక్కి వెళ్ళి, ఆ రోజు కూలీ మనుషుల్ని ఎవరికి అప్పజెప్పాలా అని టెన్షన్ పడే మనకి ఇరవయ్యేళ్ళంటే ఏమిటో ఆలోచించండి. ఇప్పుడు ఒకటో షెడ్యూల్ జంతువుని చంపితే మూడు నుంచి ఏడేళ్ళు జైలు, పాతికవేలకి తగ్గకుండా జరిమానా. నేరం రుజువైతే తుపాకీతో పాటు ఆ పని కోసం వాడిన బండి, పడవ కూడా ప్రభుత్వపరం. పడవ కూడా అన్నది లంక వాళ్ళు రెండుసార్లు చదువుకోవాలి.

చివరిది వరద జింక. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద అందరికీ గుర్తుంది. అలాంటప్పుడు లంక మునిగి, ఒడ్డుకి ఈదుకొచ్చిన వాటిని కుక్కలు తరుముతాయి, కొన్ని చస్తాయి. చచ్చింది కదా, వండుకుంటే ఏం అనిపిస్తుంది. కానీ 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలి. మాంసం పంచుకున్న ఇళ్ళన్నిటికీ ఆ కేసు చుట్టుకుంటుంది.

మరి పంట సంగతేంటంటారా? నష్టపరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చు, పాడైన చేను ఫోటోలు తేదీతో సహా తీసి. డబ్బులు ఎప్పుడొస్తాయని మాత్రం నన్నడగొద్దు, ఆ విషయంలో నా కడుపు మంట వేరే రాయాలి. నేనయితే మొలక దశలో ఇరవై రోజులు పక్క చేల వాళ్ళతో వంతులు వేసుకుని కాపలా ఉంటున్నాను. చుట్టూ పాత చీరలు కడుతున్నాను. పూర్తిగా ఆగవు గానీ, గాలికి చీర రెపరెపలాడుతుంటే కొన్ని రాత్రులు దగ్గరకి రావు. బాబాయి గారూ, పిన్ని గారి పాత నైలెక్స్ చీరలు ఓ పది ఉంటే ఆదివారం పంటు మీద పంపించండి. ముదురు రంగులైతే మంచిది.