రెప్లికా గారికి దండం పెట్టి రాయునది

రెప్లికా గారూ,

మన పోస్ట్‌గ్రెస్ (PostgreSQL) డేటాబేస్‌కి అసలు సర్వరు ప్రైమరీ అయితే, దాని రెండో కాపీ తమరు. తమరు క్షేమమేనని నాకు తెలుసు. డ్యాష్‌బోర్డులో మీ పేరు పక్కన పచ్చగా ‘స్ట్రీమింగ్’ అనీ, ల్యాగ్ (ప్రైమరీకి ఎంత వెనకబడ్డారో ఆ లెక్క) సున్నా అనీ ఏడాది పొడవునా కనిపిస్తూనే ఉంది కదా.

నిన్న ప్రైమరీకి ప్యాచ్ వెయ్యాలని దాన్ని పక్కనపెట్టి, ఆ స్థానంలో తమరికి పట్టం కట్టాం. భోజనాలయ్యాక అకౌంట్స్ వాళ్ళు పాత ఇన్‌వాయిస్‌లు తియ్యబోయారు. లాగ్‌లో ముందు ఒక వార్నింగ్: పేజీ వెరిఫికేషన్ ఫెయిల్డ్, లెక్కగడితే వచ్చిన చెక్‌సమ్ (పేజీలోని బైట్ల నుంచి కట్టే సరిచూపు అంకె) ఒకటి, పేజీలో రాసున్నది ఇంకొకటి. దాని వెనకే ఎర్రర్: ఇన్‌వ్యాలిడ్ పేజ్ ఇన్ బ్లాక్ ఫలానా. పాడైంది 8 కిలోబైట్ల ముక్క, అంటే ఒక్క పేజీ, పోయింది మాత్రం మధ్యాహ్నం మొత్తం.

ప్రైమరీలో అదే పేజీ నిక్షేపంగా ఉంది. పాడైంది తమరి డిస్కులోనే. మరి సున్నా ల్యాగ్ దేనికండీ? ప్రైమరీ పంపిన వాల్‌ని (WAL, మార్పుల చిట్టాని) అందుకున్నారు, రీప్లే చేశారు, సంతోషం. కానీ వాల్‌లో వచ్చేది మారిన పేజీల సంగతే. ఎవరూ ముట్టుకోని పాత పేజీ మీ డిస్కులో కుళ్ళిపోతే అది మీరు చదవరు, చదవకపోతే చెక్‌సమ్ సరిచూడరు, సరిచూడకపోతే గణాంకాలు చూపే పీజీ_స్టాట్_డేటాబేస్‌లో ఫెయిల్యూర్ల లెక్క సున్నా దాటదు. అసలు నవ్వొచ్చేది ఏమిటంటే, ఏ క్లర్కో ఆ ఇన్‌వాయిస్‌లో ఒక్క అక్షరం దిద్ది ఉంటే చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులన్నీ డిస్కుకి చేర్చే ఘట్టం) తర్వాతి మొదటి మార్పుగా పేజీ మొత్తం వాల్‌లో వచ్చి, మీ పాడైన పేజీ మీద పడి, మీ రోగం మీకే తెలియకుండా నయమైపోయేది!

పైన పటారం, లోన లొటారం. పైగా ప్రైమరీ మీద బరువెందుకని బ్యాకప్ కూడా మీ దగ్గరే, అదీ డిస్క్ స్నాప్‌షాట్, అంటే డిస్కుని ఉన్నదున్నట్టు తీసిన నకలు. స్నాప్‌షాట్‌కి చెక్‌సమ్ అంటే ఏంటో తెలీదు, ఉన్న కుళ్ళుని ఉన్నట్టే భద్రంగా దాచింది. పోస్ట్‌గ్రెస్ సొంత బ్యాకప్ పనిముట్టు పీజీ_బేస్‌బ్యాకప్ అయితే కనీసం పేజీ పేజీ సరిచూసి గోల చేసేది.

తప్పంతా తమరిదే అనను. చెక్‌సమ్‌లు 2013లో పోస్ట్‌గ్రెస్ 9.3తో వచ్చినా, అడగకుండానే ఆన్‌లో ఉండటానికి 2025లో 18వ వెర్షన్ దాకా ఆగాల్సొచ్చింది. పేజీల చెక్‌సమ్‌లన్నీ సరిచూసే పీజీ_చెక్‌సమ్స్ నడపాలంటే సర్వర్ ఆపాలి. డేటాని ఫైల్‌లోకి దింపే పీజీ_డంప్ టేబుళ్ళు చదువుతుంది గానీ ఇండెక్స్‌ల (వెతకడానికి వాడే సూచికల) జోలికి పోదు. ఇక ప్రైమరీలో 2.28 కంటే పాత జీలిబ్‌సీ (అక్షరక్రమం చెప్పే లినక్స్ లైబ్రరీ), మీలో 2.28 ఉంటే అక్షరక్రమం మారి ఇండెక్స్ తప్పుదారి పడుతుంది. బైట్లన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి చెక్‌సమ్ దానికీ శభాష్ అంటుంది. అది పట్టాలంటే ఇండెక్స్ వరసని సరిచూసే ఆమ్‌చెక్కే దిక్కు. పాడైన పేజీని ఖాళీగా లెక్కేసి ముందుకు పోయే జీరో_డ్యామేజ్డ్_పేజెస్ ఆన్ చెయ్యమని నిన్న ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడు. ఎర్రర్ పోతుంది నాయనా, దాంతోపాటు ఇన్‌వాయిస్‌లూ పోతాయి.

కానీ ఆ పచ్చ చుక్క మాత్రం నీదే. ఒక్కరోజైనా నీ దగ్గరున్నది నువ్వు చదువుకున్నావా? కొత్తగా వచ్చింది రాసుకోవడం తప్ప ఇంకేం చేశావ్? రెండో కాపీ ఉందని ధైర్యంగా పడుకున్నాం చూడు, మమ్మల్ని అనాలి.

సరే. కొత్త డిస్కు పెట్టి, ప్రైమరీ నుంచి మళ్ళీ మొదటి నుంచి కాపీ తీస్తున్నాం. ఇకపై ప్రతి ఆదివారం రాత్రి నిన్ను ఆపి పీజీ_చెక్‌సమ్స్ నడుపుతా. ఆ టైంలో ల్యాగ్ పెరిగిందని నాకు అలారం కొట్టావో, చూడు మరి.

ఇట్లు,
నీ డీబీఏ (డేటాబేస్ చూసుకునేవాణ్ణి)