ఉగాది నుంచి 21 రోజుల ‘గ్రీష్మ ఋతుచర్య’: ఆ వాట్సాప్ సందేశంలో ఏది తప్పు, ఎందుకు తప్పు

మార్చి రాగానే కర్నూలు, కడప, అనంతపురం గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది. ఉగాది పొద్దున అన్నీ ఒకేసారి మొదలుపెట్టి 21 రోజులు ఋతుచర్య (కాలానికి తగ్గ తిండి, నడవడి) పాటిస్తే జీవితాంతం అలవాటైపోతుంది. పరగడుపున 4 లీటర్ల నీళ్లు తాగాలి. రోజూ గంట నడవాలి. ఉప్పు పూర్తిగా మానాలి. రాగులు వేడి కాబట్టి సంగటి ముట్టకూడదు. ఎండలోంచి వచ్చి చల్లని నీళ్లు తాగినా, కాళ్లు కడుక్కున్నా రక్తనాళాలు చిట్లుతాయి. చివర్న ‘ఇది ఆయుర్వేదం మాట’ అని ముద్ర.

ముందు ఆ ముహూర్తం సంగతి. పంచాంగం ప్రకారం ఉగాదితో మొదలయ్యేది వసంతం. గ్రీష్మమంటే జ్యేష్ఠ, ఆషాఢాలు. అవి సగం కాకముందే మనకు నైరుతి వానలు మొదలవుతాయి. సీమను మాడ్చేది ఏప్రిల్, మే నెలలు. ఇక్కడ పంచాంగం కన్నా సామెత మేలు: శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఉగాది నాటికి కర్నూల్లో మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలకు దగ్గరపడుతుంటుంది. శివరాత్రి వచ్చేది దానికి సుమారు నెల ముందు. ఒంటిని ఎండకు అలవాటు చేయడం ఆ వారంలోనే మొదలుపెట్టాలి.

‘అన్నీ ఒకేసారి’ అన్న మాటను ఆయుర్వేదానికి అంటగట్టడం మరీ విడ్డూరం. వాగ్భటుడు రాసిన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో ఋతుసంధి అని ఒకటుంది. పోయే ఋతువులో చివరి 7 రోజులు, వచ్చే ఋతువులో మొదటి 7 రోజులు కలిపి 14 రోజులు. ఆ రెండు వారాల్లో పాత అలవాట్లను కొద్దికొద్దిగా వదులుతూ కొత్తవాటిని కొద్దికొద్దిగా పట్టుకోమని చెప్పాడు. ఉన్నట్టుండి మార్చేస్తే రోగాలొస్తాయని కూడా అన్నాడు. సందేశం రాసినవాళ్లు ఆ అధ్యాయం తెరిచినట్టు లేరు.

ఆధునిక వైద్యం లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది. శరీరం ఎండకు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ లోపల రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. అందుకే ఎండలో కొత్తగా పనికి దిగేవాళ్లు మొదటి రోజు పనిలో ఐదో వంతే చేసి, రోజుకు ఇంకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలంటారు. గంట నడకైనా అంతే: తొలిరోజు 12 నిమిషాలు, మర్నాడు 24, ఐదో రోజుకు గంట. మొదటిరోజే గంట నడిస్తే తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి, మూడో రోజుకు చెప్పులు మూలన పడతాయి. నడక పొద్దున 7 లోపు అయిపోవాలి. ఇంకో సంగతి, వారానికి మించి చల్లని చోట ఉంటే ఈ అలవాటు జారిపోవడం మొదలవుతుంది. బెంగుళూరు నుంచి పండక్కి అనంతపురం వచ్చి, మర్నాడే చేలోకి దిగి రోజంతా పనిచేసేవాళ్లు సొమ్మసిల్లేది ఇందుకే. పని కొత్త కాదు, ఒంటికి ఆ ఎండ కొత్త.

21 రోజుల లెక్క ఎక్కడిదంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషన్ తర్వాత మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేకొద్దీ ‘కనీసం’ ఊడిపోయింది. లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఒక పూట తప్పిందని అంతా వదిలేయనక్కర్లేదన్నమాట.

పరగడుపున 4 లీటర్లు ప్రమాదం. మూత్రపిండాలు గంటకు సుమారు లీటరు నీటిని మాత్రమే బయటికి పంపగలవు. అంతకు మించి గబగబా పోస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక, ఒక్కోసారి మూర్ఛ. ఎండలో పనిచేసేటప్పుడు చెమటగానూ నీరు పోతుంది కాబట్టి 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, గంటకు లీటరున్నరకు మించకుండా. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టు.

ఉప్పు దగ్గర సందేశంలో సగం నిజముంది. గ్రీష్మంలో ఉప్పు, పులుపు, కారం మానమని వాగ్భటుడి ఋతుచర్యలో ఉన్న మాట వాస్తవమే. కానీ అదే చోట వ్యాయామం, ఎండ కూడా వద్దన్నాడు. నీడపట్టున ఉండేవాడికి చెప్పిన మాట అది. మడకపట్టే మనిషికో, బేల్దారికో వర్తించదు. లీటరు చెమటతో సుమారు 1 నుంచి 4 గ్రాముల ఉప్పు పోతుంది. అలాంటివాళ్లు లీటరు పలచటి మజ్జిగలో అర టీస్పూను ఉప్పు తలగొట్టి వేసుకోవాలి. వాంతులో విరేచనాలో అయితే లీటరు నీళ్లకు తలగొట్టి అర టీస్పూను ఉప్పు, 6 టీస్పూన్ల చక్కెర. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు, రుచి కన్నీళ్ల ఉప్పదనం దాటకూడదు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, వాళ్లకు రోజుకు 5 గ్రాముల హద్దే. ఊరిబిండీ ఊరగాయా ఆ లెక్కలోవే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లయినా ఉప్పయినా డాక్టరు చెప్పిన కొలతే.

రాగుల మీద నింద గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సీమలో ఎండాకాలం తిండే రాగి అంబలి. 3 పెద్ద చెంచాల పిండిని గ్లాసు నీళ్లలో కలిపి రాత్రి మూతపెట్టాలి. పొద్దున 3 గ్లాసుల నీళ్లు మరిగించి, దాన్ని పోస్తూ తిప్పుతూ 8–10 నిమిషాలు ఉడికించాలి. పొడి పిండి నేరుగా మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది, మజ్జిగ చల్లారాకే కలపాలి, వేడిమీద పోస్తే విరుగుతుంది. మే నెలలో రాత్రిళ్లు కూడా వేడే కాబట్టి పిండి నానడం 10 గంటలు దాటితే పులుపు మితిమీరుతుంది. షుగరున్నవాళ్లకు మాత్రం పలచటి జావ కన్నా ఆకుకూర పప్పుతో చిన్న సంగటి ముద్ద నయం, జావతో చక్కెర తొందరగా పెరుగుతుంది.

ఇక చల్లని నీళ్లు. ఈ ఒక్క అబద్ధం కోసమే ఆ సందేశాన్ని ఎవరికీ పంపకూడదు. చల్లదనం తగిలితే చర్మం కిందున్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, చిట్లవు. ఐసునీళ్లు గటగటా తాగితే నుదురు లాగొచ్చు, కడుపు పట్టొచ్చు, అంతే. కుండ నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. ఇది నమ్మి, వడదెబ్బ తగిలినవాడిని ‘ఆరనీ, ఇప్పుడే నీళ్లు పోయొద్దు’ అని అరగంట కూర్చోబెడితే ప్రాణం పోతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, మనిషి తికమకగా ఉన్నా అది వడదెబ్బే. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్లన్నీ ఒంటిమీద పోసి విసరాలి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. తడపకుండా ఉత్త ఫ్యాను వేస్తే 42 డిగ్రీల గాలి ఒంటికి ఇంకా వేడి ఎక్కిస్తుంది. ఐసు దొరికితే మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లు పోయాల్సింది ఒంటిమీదే.