"స్టీరింగ్ పడితే డ్రైవింగ్ అదే వస్తుంది" అనే ప్రచారంలో తప్పులెక్కడ?

యువత డ్రైవింగ్ గురించి ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. దాని సారాంశం ఇది: డ్రైవింగ్ ఒకరు నేర్పాల్సిన విద్య కాదు, ఖాళీ మైదానంలో కొన్నాళ్లు తిప్పితే అదే పట్టుబడుతుంది. వయసులో ఉన్నవాళ్లకు చురుకు ఎక్కువ, పెద్దవాళ్ల కంటే ముందే బ్రేకు వేయగలరు. శిక్షణతో ప్రమాదాలు తగ్గవని పరిశోధనలే తేల్చాయి. ఒకవేళ పొరపాటు జరిగినా కొత్త బండ్లలోని ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఎయిర్‌బ్యాగులు కాపాడతాయి.

నాలుగు మాటలూ వినడానికి బాగానే ఉన్నాయి, ఒకదానిలో సగం నిజం కూడా ఉంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. 2021లో అన్ని వయసులవారూ కలిపి దాదాపు 11.9 లక్షల మంది రోడ్ల మీద ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటి విషయంలో తప్పుడు సలహాను చూసీచూడనట్టు వదిలేయలేం.

"వయసులో ఉన్నవాళ్ల చురుకే వాళ్లకు రక్ష"

ఇరవై ఏళ్లవారి కాలు అరవై ఏళ్లవారి కాలు కంటే కాస్త ముందే బ్రేకు మీదికి వెళ్తుంది, నిజమే. ఆ కాస్త ఎంతో లెక్క వేద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. సెకనులో ఐదో వంతు ముందుగా కాలు కదిలితే మిగిలేది దాదాపు నాలుగున్నర మీటర్లు. ఇప్పుడు అదే వ్యక్తి తన చురుకును నమ్ముకుని 90లో వెళ్తున్నాడనుకోండి. పొడి రోడ్డు, మంచి టైర్లు, స్పందించడానికి ఒక సెకను అనుకుంటే, 80లో పూర్తిగా ఆగడానికి సుమారు 58 మీటర్లు కావాలి, 90లో సుమారు 70. చురుకు మిగిల్చింది నాలుగున్నర మీటర్లు, అదనపు వేగం మింగింది పన్నెండు.

కారణం మామూలు భౌతికశాస్త్రమే. బ్రేకు పట్టాక బండి జారుకుంటూ పోయే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలు. దీని ఫలితం చాలామంది ఊహకు అందదు. 50లో వస్తున్న బండి సరిగ్గా ఒక మనిషి ముందు ఆగగలిగిన చోట, 60లో వచ్చి అదే క్షణంలో అదే మనిషిని చూసిన బండి ఇంకా దాదాపు 40 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. తేడా పది కిలోమీటర్లే అనిపిస్తుంది, తగిలే దెబ్బ మాత్రం నలభైది.

అయినా అసలు లోపం కాలులో కాదు, చూపులో ఉంది. కొత్తవారి కళ్లు బండి ముందున్న కొద్దిపాటి రోడ్డుకే అతుక్కుపోతాయి. లేన్ తప్పకుండా నడపడానికే ధ్యాసంతా ఖర్చవుతుంది. అనుభవం ఉన్నవారు దూరంగా, అటూ ఇటూ, అద్దాల్లోకి మార్చి మార్చి చూస్తారు. ఆగి ఉన్న బస్సు కనబడగానే దాని ముందు నుంచి ఎవరైనా దాటుతారేమోనని బస్సు కింద కాళ్ల కోసం వెతుకుతారు. పక్కన నిలిపిన కారులో డ్రైవరు సీట్లో మనిషి ఉన్నాడా, ముందు చక్రం రోడ్డు వైపు తిరిగి ఉందా అని గమనిస్తారు. ప్రమాదం కనబడక ముందే కాలు ఎక్సలరేటర్ మీంచి తీసి ఉంటారు. చూడనిదానికి ఎంత చురుకైన కాలైనా స్పందించలేదు కదా!

ఈ చూపును నేర్పవచ్చు. బ్రిటన్ 2002 నవంబరు నుంచి లైసెన్స్ పరీక్షలో దీనికి ప్రత్యేక భాగమే పెట్టింది. రోడ్డు వీడియోలు చూస్తూ ముప్పు రూపుదిద్దుకుంటున్న క్షణాన్ని అభ్యర్థి గుర్తించాలి. ఇంట్లో సాధన చేయడానికి అంతకంటే తేలిక పద్ధతి ఉంది. నేర్చుకునేవారు పక్క సీట్లో కూర్చుని, కనబడుతున్నదాన్నీ జరగబోయేదాన్నీ పైకి చెబుతూ ఉండాలి: "ముందు బండి బ్రేకు లైటు వెలిగింది, ఎడమ సందులోంచి సైకిల్ వస్తోంది, మనకు పక్కకు తప్పుకునే చోటు లేదు." పది నిమిషాలు చాలు. వాళ్లు ఏం చూడటం లేదో నేర్పేవారికి వెంటనే తెలిసిపోతుంది. మా దృష్టిలో, డబ్బు ఖర్చులేని సాధనల్లో ఇంత ఫలితమిచ్చేది ఇంకొకటి లేదు.

"ఖాళీ మైదానంలో తిప్పితే చాలు"

మైదానం మొదటి మెట్టుగా మంచిదే. సీటు సర్దుకోవడం అక్కడే నేర్పాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందాలి. ఛాతీకి స్టీరింగ్‌కు మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. హెడ్‌రెస్ట్ పైభాగం తల పైభాగం ఎత్తుకు రావాలి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, గీత మీద సరిగ్గా ఆపడమెలాగో కూడా అక్కడే తేలిపోతుంది.

కానీ మైదానంలో ఎదురుగా వచ్చే బండి ఉండదు. దాని వేగాన్ని అంచనా వేసి, కూడలిలో దూరడానికి సందు సరిపోతుందో లేదో తేల్చుకునే సాధన అక్కడ జరగదు. రాత్రి ఎదురు లైట్ల వెలుగు, వాన, వెనక నుంచి తొందరపెట్టే హారన్, ఓవర్‌టేక్ చేద్దామా వద్దా అన్న సందేహం, ఇవేవీ అక్కడ లేవు. కొత్తవారిని దెబ్బతీసేవి ఇవే. అందుకే మైదానం తర్వాత రద్దీలేని వీధులు, ఆ తర్వాత సిగ్నళ్లు, కూడళ్లు, తర్వాత వేగంగా వెళ్లే రోడ్లు, చివరికి రాత్రి, వాన అనే వరుసలో పక్కన అనుభవజ్ఞులు ఉండగా నడిపించాలి. ఒక మెట్టు మీద పక్కనున్నవారు నోరు తెరవాల్సిన అవసరం లేకుండా నడిపాకే తర్వాతి మెట్టు.

ఎన్ని గంటలు? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 21 ఏళ్లలోపువారు పక్కన ఒకరుండగా 120 గంటలు నడిపి, ఆ వివరాలు నమోదు చేయాలి. స్వీడన్ 1993లో లైసెన్స్ వయసు 18గానే ఉంచి, నేర్చుకోవడం మొదలుపెట్టే వయసును 16కు తగ్గించింది. ఆ వెసులుబాటు వాడుకున్నవారు సగటున వంద గంటలకు పైగా సాధన చేశారు. లైసెన్స్ వచ్చాక వాళ్ల ప్రమాదాల రేటు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. ముందుగా మొదలుపెట్టేవారు స్వతహాగా కాస్త జాగ్రత్తపరులు కావచ్చు, ఆ తేడా మొత్తం సాధన వల్లనే అనలేం. అయినా దిశ స్పష్టంగా ఉంది.

"శిక్షణ పనికిరాదని పరిశోధనలే చెప్పాయి"

సగం నిజం అన్నది ఇదే. 1970ల చివర్లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, డీకాల్బ్ కౌంటీలో దాదాపు 16 వేల మంది హైస్కూలు విద్యార్థులతో పెద్ద ప్రయోగం జరిగింది. శిక్షణ పొందినవారికి మొదట్లో కొద్దిపాటి మేలు కనిపించినా అది నిలవలేదు. శిక్షణ అయిందని కొందరు త్వరగా లైసెన్స్ తీసుకుని ముందే రోడ్డెక్కడం కూడా ఆ మేలును తినేసింది. నార్వేలో కొత్తవారికి జారుడు రోడ్డు మీద బండిని అదుపు చేసే పాఠాలు తప్పనిసరి చేశాక, అలాంటి రోడ్ల మీద కుర్రవాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారినా నిలబెట్టగలమన్న ధీమాతో వేగం తగ్గించడం మానేశారు.

దీన్ని చూపించి "నేర్పకండి" అనడం తప్పు ముగింపు. తరగతి గదిలో కొన్ని గంటలు, ఆపై నేరుగా పూర్తి లైసెన్స్ అనే పద్ధతి చాలదని ఆ ఫలితాలు చెబుతున్నాయి. విన్యాసాలు నేర్పితే ధీమా పెరుగుతుంది, ముప్పును పసిగట్టడం నేర్పితే వేగం తగ్గుతుంది. న్యూజిలాండ్ 1987లో దశలవారీ లైసెన్స్ తెచ్చింది. మొదట తోడుతో, తర్వాత రాత్రి వేళ, తోటివారిని ఎక్కించుకోవడం మీద పరిమితులతో, ఆ తర్వాతే పూర్తి స్వేచ్ఛ. ఈ పద్ధతి పాటించిన చోట్ల యువత ప్రమాదాలు తగ్గాయి. శిక్షణనూ పరిమితులనూ విడదీసి ఒకదాని మీద ఒకటి పోటీ పెట్టడమే ఈ వాదంలో అసలు లోపం.

"ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయిగా"

ఏబీఎస్ చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది, బ్రేకు పట్టి ఉండగానే స్టీరింగ్ తిరిగే వీలిస్తుంది. ఆగే దూరాన్ని ప్రతిచోటా తగ్గించదు, వదులు కంకర మీదైతే పెరగవచ్చు కూడా. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద అదురుతుంది, చప్పుడు వస్తుంది. ముందెప్పుడూ చూడనివారు ఏదో విరిగిందనుకుని సరిగ్గా ఆ క్షణంలోనే కాలు తీసేస్తారు. అందుకే ఖాళీ చోట 30, 40 వేగంలో ఒకసారి బ్రేకును బలంగా తొక్కించి, ఆ అదురును కాలికి పరిచయం చేయాలి. తొక్కి పట్టే ఉంచాలి, వదిలి వదిలి నొక్కకూడదు.

ఎయిర్‌బ్యాగ్ సీటు బెల్టుకు తోడే తప్ప బదులు కాదు. బెల్టు లేకపోతే శరీరం ముందుకు దూసుకెళ్లి, విచ్చుకుంటున్న సంచినే ఢీకొంటుంది. పైన చెప్పిన 25 సెంటీమీటర్ల ఎడం అందుకే.

ద్విచక్ర వాహనాల సంగతి వేరే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పల్టీ కొడతామనే భయంతో కొత్తవారు దాన్ని ముట్టుకోరు, వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు, చక్రం బిగుసుకుని తోక పక్కకు జారుతుంది. బండి నిటారుగా ఉండగా ముందు బ్రేకును ఒక్కసారిగా లాగకుండా, క్రమంగా బిగిస్తూ పోవాలి, వెనకది తేలికగా కలపాలి. ఇది ఎవరికీ దానంతటదే రాదు.

సందేశంలో చెప్పని సంగతి ఒకటుంది. కొత్తవారికి ముప్పు పక్కన పెద్దవారు కూర్చున్న రోజుల్లో కాదు, ఒంటరిగా మొదలుపెట్టిన తొలి నెలల్లో అత్యధికం. కాబట్టి మొదటి ఆరు నెలలు ఇంట్లో కొన్ని షరతులు ముందే మాట్లాడుకోవాలి. బండిలో స్నేహితులు వద్దు, చీకటి పడ్డాక తప్పనిసరైతేనే, ఫోను చేతికి అందని చోట. 80 వేగంలో రెండు సెకన్లు ఫోను చూస్తే 44 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మూడు సెకన్లు లెక్కపెట్టి, ఆ తర్వాతే తాము అక్కడికి చేరేంత ఎడం ఉంచాలి, వానలో దాన్ని రెట్టింపు చేయాలి. నెలకోసారి పెద్దవారు మళ్లీ పక్క సీట్లో కూర్చుని ఆ ఎడం ఎంత మిగిలిందో చూడాలి. అన్నిటికంటే ముందు తరిగిపోయేది అదే.