2003 రెండో నంబరు పిక్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ 2003 ఎన్‌బీఏ డ్రాఫ్ట్ రెండో నంబరు పిక్ గారికి,

నమస్కారాలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే తంతే డ్రాఫ్ట్, అందులో ఒక్కో వంతు ఒక పిక్; తమరు 2003లో రెండో వంతు. కార్మెలో ఆంథొనీ కూడా 2025లో బాస్కెట్‌బాల్ దిగ్గజాల గౌరవ పీఠం హాల్ ఆఫ్ ఫేమ్ ఎక్కేశాడు. క్రిస్ బాష్ 2021లో, డ్వేన్ వేడ్ 2023లో ఎక్కారు. లెబ్రాన్ జేమ్స్‌కి రిటైరవడమే తరువాయి. అంటే తమరి బ్యాచ్‌లో 1, 3, 4, 5 నంబర్ల కుర్చీలు ఖరారైపోయాయి. మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరిదో తమరికి తెలియంది కాదు. ఆ జాబితా మళ్లీ కళ్లబడేసరికి ఉండబట్టలేక ఈ నాలుగు ముక్కలు.

ముందుగా తమరి జాతకం. 1997లో వాంకూవర్ గ్రిజ్లీస్ వారు, కెరీర్ చరమాంకంలో ఉన్న ఓటిస్ థోర్ప్ కోసం ఎప్పుడో రాబోయే ఫస్ట్ రౌండ్ పిక్‌ని డెట్రాయిట్ పిస్టన్స్‌కి రాసిచ్చేశారు. ఆ పెద్దమనిషి అక్కడ ఆడింది 47 ఆటలు. పిక్ మీద ప్రొటెక్షన్ (ఫలానా నంబర్లలో పడితే ఇవ్వక్కర్లేదన్న షరతు) సడలి 2003 నాటికి మొదటి నంబరుకి మాత్రమే మిగిలింది. వెనకబడ్డ జట్లలో ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ సంగతి తెలిసిందేగా. 14 బంతులు వేసి నాలుగు తీస్తారు. 1001 కాంబినేషన్లు వస్తాయి, ఒకటి పక్కనపెట్టి వెయ్యి పంచుతారు. అప్పట్లో మొదటి మూడు స్థానాలే లాటరీలో తేలేవి, మిగతావన్నీ ఓటముల లెక్కనే. 28 ఆటలే గెలిచిన మెంఫిస్ (ఊరు మారిన ఆ గ్రిజ్లీసే) ఆరో స్థానం నుంచి ఎగబాకింది. చివరికి తెరవకుండా మిగిలిన ఫలితాల కవర్లు రెండే: క్లీవ్‌లాండ్, మెంఫిస్. మొదటి నంబరైతే లెబ్రాన్. కాకపోతే సున్నా. తమరు మెంఫిస్ కవర్లోంచి బయటికొచ్చి, మెంఫిస్ వ్యవహారాలు చూసే జెర్రీ వెస్ట్ అంతటివాడి చేతికి చిప్ప ఇచ్చి, డెట్రాయిట్ బండెక్కారు.

పోనీ, బంతులకి కళ్లుండవు. డెట్రాయిట్ వారికి ఉన్నాయిగా? 50 ఆటలు గెలిచి ఈస్ట్ ఫైనల్ (లీగ్‌లో తూర్పు సగం జట్ల ఫైనల్) దాకా వెళ్లిన జట్టుకి ఊరికే వచ్చిన పిక్ అది. ఎవరిని తీసుకున్నా నష్టం లేదు. ఆ ఏడాదే సిరక్యూస్‌కి కాలేజీ టైటిల్ తెచ్చిపెట్టిన కార్మెలో ఎదురుగా ఉన్నాడు. అబ్బే, ఆ పొజిషన్‌లో మాకు టేషాన్ ప్రిన్స్ ఉన్నాడుగా అన్నారు. ఏడడుగుల ఎడమచేతి వాటం కుర్రాడు, అడ్డుకునేవాడు లేని ఖాళీ జిమ్‌లో షాట్లు వేస్తే మురిసిపోయారు. అడ్డం లేని జిమ్‌లో ఎవరి హుక్ షాటైనా అందంగానే ఉంటుంది. అలా డార్కో మిలిచిచ్ వచ్చాడు. వయసు నిండా 18.

కప్పు కోసం కొట్టుకునే జట్టులో అంత పసివాడికి నిమిషాలు దొరకవు. తప్పులు చేస్తూ నేర్చుకోవాల్సిన ఏడాదిలో లారీ బ్రౌన్ లాంటి కోచ్ దగ్గర బెంచి మీద కూర్చుంటే నేర్చుకునేది కూర్చోవడమే. మొదటి సీజన్లో 34 ఆటలు, ఆటకి ఐదు నిమిషాలైనా లేవు, 1.4 పాయింట్లు. గెలుపు ఖాయమయ్యాక ముట్టించే చుట్ట అని అభిమానులు వేళాకోళం చేశారు. కుర్రాడి మీద నాకు కోపం లేదు. 468 ఆటలు, సగటున 6 పాయింట్లతో ముగించి, సెర్బియా వెళ్లి హాయిగా తోటలు వేసుకున్నాడు.

"2004లో కప్పు గెలిచాంగా" అంటారు తమరి వకీళ్లు. గెలిచారు, తమరి ప్రమేయం లేకుండా. ఆ తర్వాతి కథ చెప్పండి. 2006 ఈస్ట్ ఫైనల్లో డెట్రాయిట్‌ని ఇంటికి పంపింది ఎవరు? ఐదో నంబరు వేడ్. అదే ఏడు ఫిబ్రవరిలో డార్కోని ఒర్లాండోకి తోసేశారు. 2007 ఈస్ట్ ఫైనల్లో? లెబ్రాన్. ఐదో ఆటలో, డెట్రాయిట్ సొంత గడ్డ మీద 48 పాయింట్లు, అందులో క్లీవ్‌లాండ్ చివరి 30లో 29 వాడివే. 2008లో? బోస్టన్. దాని సెంటర్ కెండ్రిక్ పెర్కిన్స్, ఆ డ్రాఫ్ట్‌లోనే 27వ నంబరు. వరసగా మూడేళ్లు, మూడు ఈస్ట్ ఫైనల్స్, మూడుసార్లూ నీ క్లాస్‌మేట్లే! గారూ లేదు, గీరూ లేదు. ఒక్క పిక్‌తో ఒక జట్టు పదేళ్ల రాత మార్చగలిగే చోట కూర్చుని నువ్వు చేసిన నిర్వాకం ఇది.

మెంఫిస్‌ని కూడా వదల్లేదు. పెర్కిన్స్‌ని ఎంపిక చేసింది వాళ్లే. ఆ రాత్రే బోస్టన్‌కి ఇచ్చేసి, బదులుగా తెచ్చుకున్నవాళ్లలో ఒకడు ట్రాయ్ బెల్, ఎన్‌బీఏలో మొత్తం ఆరు ఆటలు. 2007లో డార్కోని వాళ్లే జీతమిచ్చి తెచ్చుకున్నారు. 2009లో నీ నంబరే మళ్లీ చేతికొస్తే హషీమ్ తబీత్‌ని ఎంచుకున్నారు. మూడో నంబరు జేమ్స్ హార్డెన్, ఏడో నంబరు స్టెఫ్ కరీ. ఇక నీకేం చెప్పాలి?

2007లో కెవిన్ డ్యూరాంట్‌ని ఇచ్చావు, కాదనను. అదీ పోర్ట్‌లాండ్ ముందే గ్రెగ్ ఓడెన్‌ని పట్టుకుపోబట్టి. నీ ఖాతాలో వేసుకోకు.

ఇట్లు,
ఐదో నంబరు పక్షాన ఒక అభిమాని

తా.క.: నీకు ముందటేడు, 2002 డ్రాఫ్ట్‌లో యుడోనిస్ హాస్లెమ్‌ని ఎవరూ పిలవలేదు. మయామీలోనే 20 సీజన్లు ఆడి మూడు టైటిల్ ఉంగరాలు పెట్టుకున్నాడు. నీ బ్యాచ్‌లోనే 51వ నంబరు కైల్ కోర్వర్‌ని న్యూజెర్సీ వారు నగదుకి ఫిలడెల్ఫియాకి అమ్మేశారు, ఆ డబ్బులో కొంత పెట్టి ఆఫీసుకి జిరాక్స్ మెషీన్ కొన్నారని కోర్వరే చెప్పుకున్నాడు. వాడు వేసిన మూడు పాయింట్ల షాట్లు 2,450. ఆ మెషీన్ కూడా పాడైపోయిందట.