గిటార్‌కి వాస్తు

ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాడు మూడు చూసుకోవాలంటారు. చేతికి అమరిందా, కంటికి నచ్చిందా, చెవికి ఇంపుగా ఉందా. వెంట మా మావయ్య ఉంటే నాలుగోది కూడా చూసుకోవాలి: దిక్కు. మొన్న ఆదివారం రాజమండ్రిలో ఆ ముచ్చటా తీరింది. మోకాలి వాపు ఇంకా దిగలేదు, కోపం కూడా దిగలేదు. అది దిగేలోపు రాసేస్తున్నాను.

అసలు పాలకొల్లు నుంచి ఒక్కణ్ణే బస్సులో పోదామనుకున్నాను. "కడియంలో కొబ్బరి మొక్కలు తెచ్చుకోవాల్రా, కార్లో పోదాం" అన్నాడు మావయ్య. సిద్ధాంతం వంతెన, రావులపాలెంలో అరటి గెలల లారీలు, జొన్నాడ వంతెన అన్నీ దాటాం. టిఫిన్ ఎక్కడ తిన్నాం, కారు ఎక్కడ పెట్టాం అన్నవి ఇక్కడ అనవసరం.

మావయ్య గురించి మాత్రం రెండు ముక్కలు చెప్పాలి. ఆయనకి వనామీ రొయ్యల చెరువులున్నాయి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు కాలిపోతే మెకానిక్ కోసం చూడడు, తనే విప్పుకుని రీవైండింగ్ చేసుకుంటాడు. అందుకని రాగి తీగ చుట్టిన వస్తువు లోకంలో ఏదైనా తన శాఖ కిందికే వస్తుందని ఆయన నమ్మకం. ఇల్లు కట్టించిన దగ్గర్నుంచి వాస్తు కూడా ఆ శాఖలో కలిసిపోయింది.

షాపు మొదటి అంతస్తులో. మెట్లెక్కగానే మూడు బోర్డులు. "ముట్టుకోరాదు." "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." "పగిలినచో కొన్నట్టే." ముట్టుకోకుండా గిటార్ చేతికి అమరిందో లేదో ఎలా తెలుస్తుందండీ అని ఓనర్ని అడిగాను. "అడిగితే మావాడు తీసిస్తాడండి" అన్నాడు. అడిగాను. తీశాడు. నాకు మాత్రం ఇవ్వలేదు. తనే భుజాన తగిలించుకుని, ఆంప్‌లో, అంటే శబ్దాన్ని పెద్దది చేసే పెట్టెలో పెట్టి, గొంతుని బరబరలాడించే డిస్టార్షన్ మొత్తం తిప్పేసి, కళ్లు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఒక గిటార్ అయింది, ఇంకోటి తీశాడు. అదే పాట, అదే వేగం. డిస్టార్షన్ ఆ మోతాదులో పెడితే ఏ గిటార్ అయినా ఒకేలా మోగుతుంది. గిటార్ అసలు గొంతు తెలియాలంటే ముందు ఆంప్ లేకుండా ఒట్టి తీగలు మీటాలి, చెక్క మన పక్కటెముకలకి ఆనించి అదురు చూసుకోవాలి, ఆ తర్వాత ఏ ఎఫెక్టూ లేకుండా ఆంప్‌లో వినాలి. ఈ మాటే వాడితో అంటే, "మీరు బిగినరా సర్?" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక, పదిమంది ముందు, ఆ మాట అంత గట్టిగా అడగక్కర్లేదు.

మొత్తానికి ఒకటి నా చేతికొచ్చింది. స్ట్రాట్ ఆకారంలోది. ఒరిజినల్ స్ట్రాటోకాస్టర్ని ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చింది. ఆ లియో ఫెండర్ రేడియోలు బాగుచేసుకుంటూ పైకొచ్చిన మనిషి, ఆయనకి గిటార్ వాయించడమే రాదు. వాయించడం రానివాడు తయారు చెయ్యగా లేనిది, వాయించడం రానివాడు కొనుక్కుంటే వచ్చిందా అని ఇంట్లో వాదించి మరీ బయల్దేరాను. పొట్టకి ఆనే చోట వెనక చెక్కని లోపలికి తొలిచి ఉంచుతారు ఇందులో. ఆ తొలిచిన కొలత నా పొట్టకి చాలదు గానీ, ఉద్దేశం మంచిదే. మెడ అరచేతిలో చక్కగా కూర్చుంది. అంచు వెంబడి వేలు జార్చి చూశాను, మెడకి అడ్డంగా బిగించిన లోహపు గీట్లు, అదే ఫ్రెట్ల కొనలు ఎక్కడా గీరుకోలేదు. అంతకుముందు గిబ్సన్ కంపెనీ వాళ్ల లెస్ పాల్ ఆకారంలోది కూడా పట్టుకుని చూశాను. దాని తీగల పొడవు 24.75 అంగుళాలే, స్ట్రాట్‌కి 25.5. ఆ ముప్పావు అంగుళం తేడాతో తీగలు వేలికి మెత్తగా వంగుతాయి, నిజమే. కానీ నాలుగు కేజీల పైచిలుకు బరువు భుజాన వేసుకుని నిలబడితే నాకు గిటార్ గుర్తుకు రావట్లేదు, సిలిండర్ గుర్తుకొస్తోంది.

అందం సంగతి వేరే చెప్పాలా. మధ్యలో పసుపు, పోనుపోను ఎరుపు, అంచుల్లో నలుపు. సన్‌బర్స్ట్ అంటారు. అందాన్ని చూసి గిటార్ కొనకూడదని పెద్దవాళ్లు చెబుతారు. గోడకున్న గిటార్ కంటికి నచ్చకపోతే సాయంత్రం దాన్ని చేతిలోకి తీసుకోబుద్ధి కాదు, తీసుకోకపోతే నేర్చుకోవడం ఎక్కణ్ణించి? ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

ఇంతలో మావయ్య వచ్చి దాని వీపు మీద వేలి కణుపులతో టక్కుటక్కుమని కొట్టాడు. "ఇందులో బొక్క లేదేంట్రా? ఘనం. శబ్దం ఎక్కణ్ణించి వస్తుంది?"

పికప్పుల గురించి చెప్పాను. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగ, ఏడెనిమిది వేల చుట్లు. పైన గిటార్ తీగ ఊగితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, ఆంప్ దాన్ని పెద్దది చేస్తుంది.

మావయ్య మొహం వెలిగిపోయింది. "అంటే వైండింగేనా!"

అక్కడ మొదలైంది.

ఆంప్‌లో పెట్టి, డిస్టార్షన్ తీయించి, ఒక్క తీగ మీటబోయాను. మీటకముందే గుయ్‌య్‌య్ మని ఒకటే హమ్. "వైండింగ్ అన్నాక మూలుగుతుంది మరి. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఏదో ఉంది, చూడు" అన్నాడు మావయ్య. ఉంది. గోడకి ఏసీ స్టెబిలైజర్, నా తలకి సరిగ్గా మూరెడు దూరంలో. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగే కరెంటు. ఆ ఊగుడు గాలిలోంచే ఈ చుట్టలోకి దూరి ఆంప్‌లో మూలుగుతుంది. కుర్రాడు ఈ మాట చెప్పాలి కదా. చెప్పలేదు. స్టెబిలైజర్ పక్కనే గిటార్లు ఎందుకు వినిపిస్తున్నారో అదీ చెప్పలేదు. "సింగిల్ కాయిల్ అంతే సర్" అన్నాడు. ఒంటి చుట్ట పికప్ అని.

నేను కొంచెం పక్కకి తిరిగాను. హమ్ తగ్గింది.

"ఆగు!" అన్నాడు మావయ్య. "ఇంకొంచెం తిరుగు."

తిరిగాను. ఇంకా తగ్గింది. ఇంకొంచెం తిరిగేసరికి పూర్తిగా ఆగిపోయింది. షాపంతా నిశ్శబ్దం. శ్రుతిపెట్టె కొనడానికొచ్చిన ఒకావిడ కూడా ఇటు తిరిగి చూసింది. మావయ్య జేబులోంచి ఫోను తీసి, అందులో దిక్సూచి పెట్టి, అద్దాలు సవరించుకుని, కాసేపు చూసి, గుళ్లో తీర్థం ఇచ్చే గొంతుతో అన్నాడు: "ఈశాన్యం."

వాస్తు కాదు మావయ్యా, చుట్ట ఆ కోణంలో ఉంటే బయటి అయస్కాంత క్షేత్రం దాన్ని కోయదు, అంతే అన్నాను. "నేనూ అదే అంటున్నాను కదరా, ఈశాన్యంలో కోయదు" అన్నాడు. పక్కన కీబోర్డు చూసుకుంటున్న చర్చి కుర్రాళ్లు ఇద్దరు తలూపారు. వాళ్లలో ఒకడు, "మా చర్చిలో కూడా అంతేనండి, కిటికీ వైపు తిరిగితే హమ్ ఉండదు, జనం వైపు తిరిగితే వచ్చేస్తది" అన్నాడు. ఇంక చూడండి, మావయ్యకి సాక్షులు దొరికారు.

"చుట్టూ తిరుగు, ఇంకెక్కడ ఆగుతుందో చూద్దాం."

తిరిగాను. ఈశాన్యం నుంచి ఉత్తరానికి వస్తుంటే మూలుగు. వాయవ్యంలో హోరు. పడమర దాటి నైరుతికి వచ్చేసరికి మళ్లీ ఆగిపోయింది. ఆగాలి కూడా. చుట్టని అటు తిప్పినా ఇటు తిప్పినా అదే గీత మీద ఉంటుంది కాబట్టి ఎదురు దిక్కున కూడా ఆగుతుంది. మావయ్యకి మాత్రం ఇది పెద్ద చిక్కయి కూర్చుంది. ఈశాన్యం సాక్షాత్తూ ఈశ్వరుడి మూల, సరే. నైరుతి రాక్షసుడి మూల. అక్కడ కూడా ఎందుకు ఆగింది? "మళ్లీ తిరుగు" అన్నాడు. మళ్లీ తిరిగాను. ఓనర్ కూడా గల్లాపెట్టె వదిలి లేచి వచ్చాడు. ఒకాయన డోలుకి వార్లు బేరమాడుతూ, బేరం ఆపి మరీ, "అబ్బాయి గారు ప్రదక్షిణం ఎడమ నుంచి చేస్తున్నారండి, కుడి నుంచి చెయ్యాలి" అన్నాడు. మావయ్య చటుక్కున ఒప్పుకున్నాడు. నన్ను ఆపి, వెనక్కి తిప్పి ఉంటే నా కథ వేరే ఉండేది. ఆపలేదు. అటు వాయవ్యం, ఇటు ఉత్తరం, ఏ దిక్కున ఎంత మూలుగుతోందో కుర్రాడి చేత బిల్లు పుస్తకం వెనక రాయిస్తున్నాడు. అప్పటిదాకా నేనేమడిగినా పలకని ఆ కుర్రాడు ఇప్పుడు ఎంత శ్రద్ధగా రాస్తున్నాడో మీరు చూడాల్సింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, న్యాయం న్యాయమే. ఆ రొదలోనే మావయ్య ఉన్నట్టుండి, "ఒకటి కాకుండా రెండు చుట్టలు పెట్టి, రెండోది ఎదురు చుట్టు చుడితే దీని మూలుగుని అది కొట్టెయ్యదూ?" అన్నాడు. కొంచెం ఆలోచించి, "ఉహూఁ, పాట కూడా పోద్ది. అయస్కాంతం కూడా తిరగెయ్యాలి. అప్పుడు పాట ఉంటుంది, మూలుగు పోద్ది" అని తనే దిద్దుకున్నాడు. అచ్చంగా అదే పనిని 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు చేశాడు. దాన్నే హంబకర్ అంటారు. ఆ పక్కనే వేలాడుతున్న లెస్ పాల్ ఆకారం గిటార్‌లో రెండు ఉన్నాయి. అంటే, మూలుగు లేని గిటార్ అక్కడే ఉంది. కుర్రాడికి ఆ సంగతి తెలుసు. మావయ్య పాలకొల్లులో పుట్టి హంబకర్ని రెండు నిమిషాల్లో కనిపెడితే, వాడు ఆ మాట నోటికి రానివ్వకుండా, "ఉత్తరం, మధ్యస్తంగా" అని రాసుకుంటున్నాడు.

నేను ఇదంతా గొంతు పెంచి చెబుదామని కుర్రాడి వైపు ఒక అడుగు వేశాను.

అడుగు పడలేదు. కిందికి చూస్తే గిటార్ నుంచి ఆంప్ దాకా ఉండాల్సిన కేబుల్ నా రెండు కాళ్లకీ మోకాళ్ల దాకా చుట్టుకుని ఉంది. మావయ్య కూడా చూశాడు. పడతావురా అనాలి కదా ఎవరైనా. "అబ్బ, చుట్లు ఎంత వరసగా పడ్డాయో చూడు" అన్నాడు.

చేతిలో ఉన్న సన్‌బర్స్ట్‌కి ఏమీ కాకూడదని దాన్ని రెండు చేతులా నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని పడ్డాను. అది నిక్షేపంగా ఉంది. నా భుజం తగిలి స్టాండులో ఉన్న ఒక నల్ల గిటార్ వాలింది, దాని తల వెళ్లి డ్రమ్ముల సెట్టు పళ్లేనికి తగిలి ఝణ్ మంది. ఆ శబ్దం మాత్రం చాలా బాగుంది. లేపి చూస్తే అంచున ఒకచోట రంగు లేచిపోయింది, చిటికెన వేలి గోరంత. అంతే.

ఓనర్ ఏమీ అనలేదు. మూడో బోర్డు వైపు చూశాడు. మావయ్య దాన్ని పైకి చదివాడు. ఎవరి పక్షాన చదివాడో ఇప్పటికీ తెలియదు.

ఆ నల్ల గిటార్‌కి దుమ్ము దండిగా ఉంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. చేతిలోకి తీసుకుంటే శబ్దం తిప్పే గుండీలన్నీ పైన ఉన్నాయి, లావు తీగ కింద ఉంది. ఎడమచేతి వాటం వాళ్లది. ఆ ఓనర్ మొహంలో కనిపించిన సంతోషం ఆడపిల్ల పెళ్లి చేసిన తండ్రి మొహంలో కూడా నేను చూడలేదు. కుర్రాడు అప్పటికప్పుడు అందుకున్నాడు: "హెండ్రిక్స్ సర్! జిమీ హెండ్రిక్స్ ఎడమచేతి వాటం కదా, కుడిచేతి గిటార్ తిరగేసి వాయించాడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో కూడా అదే. మీరు దీన్ని తిరగేసి వాయించండి, అంతే కదా!"

అంతే కాదు. తిరగేస్తే తీగలన్నీ విప్పి మళ్లీ ఎక్కించాలి, తల దగ్గరున్న గాళ్ల పట్టీ మార్చాలి, పై ఫ్రెట్లు అందడానికి కోసి ఉంచిన వంపు మెడకి పైవైపుకి వచ్చేస్తుంది, గుండీలు మోచేతికి తగులుతాయి. ఇవన్నీ హెండ్రిక్స్‌కి అడ్డు రాలేదు. నేను హెండ్రిక్స్‌ని కాదని ఐదు నిమిషాల క్రితమే ఆ కుర్రాడే షాపంతా వినేలా అడిగాడు.

డబ్బు కట్టేశాం. సన్‌బర్స్ట్‌ని కుర్రాడు గోడకి మళ్లీ తగిలించాడు, ఈశాన్యం వైపు తిప్పి.

మెట్లు దిగబోతుంటే ఓనర్ వెనక్కి పిలిచాడు. "ఎడమచేతి గిటార్‌కి ఎడమచేతి తీగలు పడతాయండి. ఊళ్లో దొరకవు, నా దగ్గరే రెండు సెట్లు మిగిలాయి. మామూలు వాటి మీద ఓ వంద ఎక్కువ." ఎడమచేతి తీగలని లోకంలో వేరే ఏమీ లేవు. అవే తీగలు, ఎక్కించే వరసే అటూ ఇటూ. అది చెబుదామని నేను ఇటు తిరిగేసరికి, వైండింగ్ శాఖాధిపతి అప్పటికే చొక్కా జేబులోంచి డబ్బులు తీసి లెక్కపెడుతూ, "రెండూ ఇచ్చెయ్యండి, మళ్లీ ఎప్పుడొస్తామో" అంటున్నాడు.