నిమిషానికి సున్నా

నిన్న సాయంత్రానికే మా ఆవిడ ఫోన్లో వాళ్ల పిన్నికి నేను షూటింగ్ రేంజిలో తుపాకీతో పరువు తీసుకున్న సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ లెక్కన వారం తిరిగేసరికి గుంటూరులో నాకు ఒక కన్నో చెయ్యో పోయి ఉంటుంది. అందుకని నా వైపు కథ ఇప్పుడే రాసి పడేస్తున్నాను.

నా దగ్గర 1913లో ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో తయారైన రైఫిలు ఒకటుంది. షార్ట్ మ్యాగజీన్ లీ-ఎన్‌ఫీల్డ్, మార్కు త్రీ. మన పోలీస్ స్టేషన్ల ముందు సెంట్రీ చేతిలో చూసిన త్రీనాట్‌త్రీ ఉందే, అదే వంశం. ఉత్తరప్రదేశ్ పోలీసులు దాన్ని 2020 రిపబ్లిక్ డే నాడు సాగనంపారు. వాళ్లు వదిలించుకున్న జాతిని నేను డాలస్ దగ్గర ఒక తుపాకుల సంతలో బేరమాడి మరీ ఇంటికి తెచ్చుకున్నాను. పోనీ పురాతన వస్తువు కొన్నానని గొప్పలు చెప్పుకుందామా అంటే అదీ లేదు. ఇక్కడి చట్టం లెక్కలో 1898 లోపు తయారైతేనే పురాతనం. నాది పదిహేనేళ్లు ఆలస్యంగా పుట్టింది.

నాలుగు నెలలు గరాజ్‌లో దానికి సేవ చేశాను. కర్రలోకి ఇంకిపోయిన పాత గ్రీజు బయటికి రావడానికి నల్ల సంచిలో చుట్టి ఎండలో పెట్టడం, తుడవడం, మళ్లీ పెట్టడం. ఆ తరవాత అవిసె నూనె పూతలు. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి కాబట్టి కంచె మీద ఆరేసేవాణ్ణి. పక్కింటావిడ చూసి, "ఇది మీ పండగా?" అని అడిగింది. అవునన్నాను. అంతకంటే వివరించే ఓపిక లేదు.

ఈలోగా మావయ్యగారు, అత్తయ్యగారు ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. మావయ్యగారు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. త్రీనాట్‌త్రీని ఆయన మోసినన్నేళ్లు నేను ల్యాప్‌టాప్ కూడా మోయలేదు. గరాజ్‌లో దాన్ని చూసి చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా చుట్టూ ఒకసారి తిరిగి, "బట్ నంబరు ఎంతండీ?" అన్నారు. స్టేషన్లో తుపాకీ వెనక కర్ర మీద వేసే నంబరు. లేదన్నాను. నంబరు లేని తుపాకీ ఏం తుపాకీ అన్నట్టు చూశారు. చివరికి, "నూనె ఎక్కువైంది. గొట్టంలోకి చిందీ గుడ్డ వేసి లాగండి" అని లోపలికి వెళ్లిపోయారు.

సరే, రేంజికి బయల్దేరాం. ముప్ఫై మైళ్ల దారి. దారిలో నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ఈ తుపాకీకి కుడి పక్కన తూటాల పెట్టె మీదికి జరిగే ఒక ఉక్కు రేకు ఉంటుంది. దాన్ని కటాఫ్ అంటారు. లోపలికి నెడితే పెట్టెలోని పది తూటాలకీ మూత పడినట్టే. సిపాయి ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చుకోవాలి, పెట్టెలోవి ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడుకోవాలి. పొదుపన్నమాట. యుద్ధంలో అంత తీరిక ఎవరికుంది? 1916లో వచ్చిన కొత్త రకంలో ఆ రేకు తీసేశారు. ఇదంతా మావయ్యగారికి ఇరవై నిమిషాలు ఉపన్యసించాను. గుర్తుపెట్టుకోండి, ఉపన్యసించింది నేనే. ఆయన విని, "మా వాటికి లేదండీ" అని కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చున్నారు.

రేంజిలో నారింజ చొక్కా కుర్రాడొకడు ఉన్నాడు. భద్రతాధికారి. వయసు ఇరవై రెండుంటుందేమో, గడ్డం ఇంకా దరఖాస్తు దశలోనే ఉంది. మాకు వీడియో చూపించాడు, నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించాడు, ఒక్కోటి రెండు డాలర్లు పోసి కొన్న నా తూటాల్ని అయస్కాంతం పెట్టి ఒక్కొక్కటే పరీక్షించాడు. మావయ్యగారి పాస్‌పోర్టు చూసి, సందర్శక వీసా కాబట్టి ఆయన తుపాకీ ముట్టుకోకూడదన్నాడు. చట్టం అదే, కాదనను. వేట లైసెన్సు లాంటిది ఏదైనా ఉంటే తప్ప కుదరదు. కానీ అనే పద్ధతి ఒకటుంటుంది కదా. జీవితమంతా ఈ తుపాకీతో నిద్రలేచిన మనిషిని పసుపు గీత వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్ కోడు రాయడం తప్ప ఏనాడూ తుపాకీ కాల్చని నన్ను ముందుకి పిలిచాడు.

బల్ల మీద ఆనించి కాలుద్దామనుకున్నాను. వెనకనుంచి మావయ్యగారు, "కూర్చుని తొక్కడానికి అదేమన్నా కుట్టుమిషనా?" అన్నారు. నిలబడ్డాను. ఐదు తూటాలు పైనుంచి ఒక్కొక్కటే నొక్కాను. వాటికి అడుగున అంచులుంటాయి, పైదాని అంచు కిందిదానికి ముందుండాలి, లేకపోతే కొమ్ములు చిక్కుకున్న పొట్టేళ్లలా రెండూ కదలవు. అంత శ్రద్ధగా పేర్చి, ఆ తరవాత బొటనవేలితో రేకు లోపలికి నెట్టాను.

ఎందుకు నెట్టావంటే చెప్పలేను. నాలుగు నెలలుగా గరాజ్‌లో తుడిచినప్పుడల్లా అది లోపలికి ఉంటే నీటుగా ఉందని నెట్టేవాణ్ణి. డబ్బా తెరిస్తే మూత పెట్టాలని మా అమ్మ చిన్నప్పుడు వీపు మీద నేర్పింది. ఆ పెంపకం అక్కడ పనిచేసింది.

తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టుని ముందుకి తోసి కిందికి దించాను. చివర్లో చేతికి బిగువు తగిలింది. ఈ తుపాకీలో బోల్టు మూసేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది, ఆ బిగువు అదే. నేను తూటా ఎక్కిందనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. గురి చూశాను. మీట నొక్కాను.

టక్.

కుర్రాడు ఈల వేశాడు. మొత్తం వరసంతా తుపాకులు దింపేసింది. "కదలకు! హ్యాంగ్ ఫైర్ కావచ్చు!" అని పరిగెత్తుకొచ్చాడు. అంటే మందు వెంటనే అంటుకోక ఆలస్యంగా పేలడం. అందుకని మొన ఎదురుగానే ఉంచి ఒక నిమిషం ఆగాలి. మంచి నియమమే. తుపాకీలో తూటా ఉన్నవాళ్లకి.

నా పక్కన నిలబడి లెక్క మొదలుపెట్టాడు. మనమైతే ఒకటీ, రెండూ అంటాం. వీళ్లు సెకను కచ్చితంగా రావాలని ప్రతి అంకె పక్కనా మిసిసిపీ చేరుస్తారు. ఒక మిసిసిపీ, రెండు మిసిసిపీ. సెకనుకో నది. నేను నాలుగు కిలోల ఇనుమూ కర్రా భుజాన పెట్టుకుని అరవై నదులు దాటాలి.

పదో నది దగ్గర ముక్కు మీద చెమట దురద. పద్దెనిమిదో నది దగ్గర అటు పక్క బూత్‌లో ఎనిమిదేళ్ల పిల్లాడు నన్ను వేలెత్తి చూపించి వాళ్ల నాన్నని ఏదో అడిగాడు. ఇరవై రెండు దగ్గర నాకు అనవసరమైన విషయం ఒకటి గుర్తొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం ముందు బ్రిటిష్ సిపాయిలకి ఇదే తుపాకీతో ఒక పరీక్ష ఉండేది. మూడొందల గజాల దూరంలోని గురి మీద నిమిషంలో పదిహేను తూటాలు. మ్యాడ్ మినిట్ అంటారు. అదే తుపాకీ, అదే నిమిషం. నా స్కోరు సున్నా, పైగా దానికి చేతులు వణుకుతున్నాయి.

ముప్ఫై ఒకటో నది దగ్గర వెనక ఏదో అలికిడి. చెవుల్లో స్పాంజి బిరడాలు, వాటి మీద హెడ్‌ఫోన్ లాంటి డిప్పలు. ఏదీ స్పష్టంగా వినబడదు. కొంచెం తల తిప్పాను. పసుపు గీత వెనక మావయ్యగారు లేచి నిలబడి, ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నారు. తలతోపాటు మొన బెత్తెడు కదిలింది.

"మొన కదిలింది. మళ్లీ మొదట్నుంచి. ఒక మిసిసిపీ..."

రెండోసారి నలభై దాకా వచ్చాం. ఎడమ చెయ్యి తనంతట తాను కిందికి దిగింది. మళ్లీ ఒడ్డుకి. మూడోసారి మావయ్యగారి గొంతు డిప్పల్ని కూడా దాటుకుని వచ్చింది. "ఖాలీ హై అల్లుడుగారూ! ఖాలీ హై!" డ్రిల్లు భాష. కుర్రాడికి హిందీ రాదు, తెలుగు అసలే రాదు. ఎవరో పెద్దాయన కంగారుపడుతున్నారనుకుని, "సార్, ప్రశాంతంగా ఉండండి, అంతా మా అదుపులో ఉంది" అని ఆయనకి అభయహస్తం చూపించి, లెక్క కొనసాగించాడు.

అరవై అయింది. చాలా నెమ్మదిగా బోల్టు వెనక్కి లాగమన్నాడు. లాగాను. ఏమీ రాలేదు.

ఇక్కడితో నవ్వేసి వదిలేస్తాడనుకుంటాం కదా. వాడు నేల వెతికాడు! పేలని తూటా కింద పడిందని వాడి నమ్మకం. బల్ల కింద టార్చి వేశాడు, నా బూట్లు ఎత్తించాడు, పక్క బూత్ వాళ్ల సంచులు జరిపించాడు. పేలని తూటాల కోసం ఎర్ర డబ్బా ఒకటి ఉందట, అందులో వేసి రిజిస్టర్లో రాస్తే తప్ప వరస మళ్లీ తెరవకూడదట. తూటా అసలు ఎక్కనేలేదు బాబూ, ఈ రేకు చూడు అని చూపించాను. ఆ రేకు సంగతి వాడి వీడియోలో లేదు. ఫోన్ చేసి పైవాణ్ణి పిలిచాడు. పైవాడు వచ్చి రేకు వేలితో బయటికి లాగి, కింద బుద్ధిగా పడుకున్న ఐదు తూటాల్నీ చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

రిజిస్టర్లో కారణం అన్న గడిలో కుర్రాడు "వాడేవాడు" అని రాశాడు, అంటే తప్పు తుపాకీది కాదు, దాన్ని వాడిన నాదని. నాచేత సంతకం పెట్టించాడు. బూత్‌కి గంట లెక్కన కట్టిన డబ్బులో ఒక్క సెంటు తగ్గించలేదు. ఆ తరవాత ఐదూ పేలాయి లెండి. ఎక్కడ తగిలాయని అడక్కండి.

మీకెలా తెలిసిందని కారులో మావయ్యగారిని అడిగాను. "చప్పుడు బోలుగా ఉందండీ" అన్నారు. ఇరవై మైళ్లు ఇంకేం మాట్లాడలేదు. ఊళ్లోకి వచ్చాక మాత్రం, "వాళ్లు 1916లోనే తీసేశారన్నారుగా? మీరూ ఆ రేకు పీకేయండి" అన్నారు.

అలా పీకితే అసలు భాగాలు లేనిదవుతుందని, సేకరించేవాళ్ల దగ్గర దాని విలువ పడిపోతుందని, పైగా ఆ కటాఫ్ మీద అసలు ముద్ర ఉందని వివరించడం మొదలుపెట్టాను. మావయ్యగారు జేబులోంచి రేంజి వాళ్లిచ్చిన స్పాంజి బిరడాలు తీసి, ఒక్కోటీ వేళ్ల మధ్య నలిపి, మళ్లీ చెవుల్లో పెట్టుకున్నారు.